ఫోనులో కోసిన మామిడికాయ

నాకు అక్షరాలు రావు. పేరు రాయమంటే రాస్తాను, దాని పక్కన ఇంకేం రాసినా నాకు గీతలే. అందుకే నా కూతురు తన పాత ఫోను తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, నాకెందుకే ఇది అన్నాను. దానికి పెళ్లయింది, భద్రాచలం అవతల ఉంటుంది. చూడ్డానికి వచ్చినప్పుడు తెచ్చింది.

"నెంబర్లు సదవరాకుంటే ఏమాయె, ఫోటోలు పెట్టిన. నా ఫోటో మీద ఒత్తితే నాకొస్తది. ఈ ఫోటో మీద ఒత్తితే మితానిన్‌కు పోతది" అంది.

మితానిన్ అంటే మా పల్లెల్లో జ్వరాలకు రక్తం చూసి గోళీలిచ్చే ఆమె. వాగు అవతలి పల్లెలో ఉంటుంది. నడిచిపోతే పొద్దు వాలుతుంది.

వెళ్లేముందు నా కూతురు ఇంకొకటి కూడా చూపించింది. పండ్లు కోసే ఆట.

"ఇదేందే?"

"టైంపాస్ అమ్మా. కింద నుంచి పండ్లు ఎగురుతయ్. ఏలు పెట్టి గీకు, తెగుతయ్. ఇంక అంతే. మనసు నిమ్మలమైతది."

నా మనసు నిమ్మళంగా లేదని దానికి తెలుసు. వాళ్ల నాన్న జ్వరంతో పోయాడు. మధ్యాహ్నం వణుకు వచ్చేది, సాయంత్రానికి చెమట పట్టేది, మర్నాడు లేచి పనికి పోయేవాడు. అట్లా వస్తూ పోతూ ఉన్న జ్వరం ఒకనాడు తలకెక్కింది. నన్ను చూసి, ఎవరు నువ్వు అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. ఆయన పోయాక, పని లేకుండా కూర్చుంటే నా చేతులు వణికేవి. చింతపండు కొడుతున్నంతసేపూ బాగానే ఉండేవి. ఆపితే మొదలు.

ఆట నాకు వెంటనే రాలేదు. నా వేళ్లు చింతపండు పులుపుకు, కొడవలి పిడికి పగిలి బెరడు కట్టాయి. అద్దం మీద గీకితే ఫోనుకు తెలిసేది కాదు. వేలు నాలిక మీద తడి చేసుకుని గీకితే అప్పుడు పట్టుకుంది. పుచ్చకాయ రెండు చెక్కలయింది. చర్రుమని చప్పుడు, అద్దం నిండా ఎర్రటి నీళ్లు. నిజం చెప్పాలంటే గుండెలో బరువు కాస్త దిగింది. ఏది కోసినా ఎవరికీ నొప్పి లేదు, గిన్నె కడగక్కర్లేదు, ఈగలు రావు. సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడికేలోపు గడపలో కూర్చుని కోసేదాన్ని. చేతులు వణికేవి కావు.

పండ్ల మధ్యలో అప్పుడప్పుడు నల్లటి గుండు ఒకటి ఎగిరేది, తోకకు నిప్పు అంటుకుని. అదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దాన్ని తాకితే ఆట అయిపోతుంది. మా అడవిలో అయితే అది ఇట్లా నిప్పురవ్వలు రాలుస్తూ చెప్పి రాదు. దారి కింద మట్టిలో మందుపాతరై ఊరుకుని ఉంటుంది. అది ఎగిరిన ప్రతిసారీ వేలు వెనక్కి లాక్కునేదాన్ని.

నన్ను ఇరకాటంలో పెట్టింది ఆ గుండు కాదు, మామిడిపండు.

మాది సరిహద్దు ఇవతల, హిందీ రాజ్యంలో, గొల్లపల్లి నుంచి కిష్టారం వైపు పోతే లోపలికి ఉండే ఊరు. దొర్ల ఆదివాసులే ఎక్కువ, మా తెలుగు ఇళ్లు తక్కువ. అయినా కట్టుబాటు అందరికీ ఒకటే. మామిడి పండుగ కాకముందు కాయ మీద కత్తి పెట్టకూడదు. దేవగుడి దగ్గర పూజారి మొదటి కాయ కోసి, అమ్మవారికి పెట్టి, ఆ ముక్కలు ఊరికి పంచాక అప్పుడు మన వంతు. ఈలోగా కోస్తే గాలివాన వస్తుందనీ, పులి దిగుతుందనీ, పిల్లల మీదికి వస్తుందనీ అంటారు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఎవరూ తప్పిందీ లేదు, నేను చూసిందీ లేదు.

కొమ్మలకు పిందెలు వేలాడుతున్న రోజులు. ఆటలోనేమో పసుప్పచ్చగా మామిడిపండు ఎగురుతోంది. మొదట్లో దాన్ని వదిలేసేదాన్ని. వదిలేస్తే కింద పడుతుంది, అట్లా కొన్ని పడితే ఆట ఆగిపోతుంది. కొన్నాళ్లు చూశాను. తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను, ఇది కాయా ఏమన్నానా, బొమ్మ. బొమ్మను కోస్తే చెట్టుకు తెలుస్తుందా? కోశాను. ఏమీ కాలేదు.

మా మరిది ఇల్లు, మా ఇల్లు ఒకే వాకిట్లో ఉంటాయి. మరిది, తోడికోడలు, వాళ్ల చివరి బిడ్డ. ఆ పిల్లకు అప్పుడింకా పాలపళ్లు ఊడలేదు. నన్ను పెద్దమ్మా అంటూ నా కొంగు పట్టుకునే తిరిగేది. ఒకనాడు వాకిట్లో ఆడవాళ్లందరం చింతపండు కొడుతున్నాం. అది ఫోను అడిగింది. ఇచ్చాను. దాని లేత వేలికి ఫోను ఎంత బాగా పలికిందో, టకటకా కోసిపారేస్తోంది. ఉన్నట్టుండి లేచి ఎగురుతూ అరిచింది.

"మామిడికాయ కోసిన! పెద్దమ్మా, నేను మామిడికాయ కోసిన!"

సుత్తెలు ఆగిపోయాయి.

"ఏంది, ఏం కోసినవే?" అంది మా తోడికోడలు.

"మామిడికాయనే! రసం గిట్ట కారింది. ఇగో!"

ఒకామె నవ్వింది. "ఓయమ్మ, పండుగ గూడ ఫోన్లనే చేస్కుంటరేమో ఇగ." ఇంకొకామె నవ్వలేదు. "అక్కా, పిల్లకు తెల్వదు. నీకు తెల్వదా?" అంది నన్ను చూసి. నేను ఫోను తీసుకుని కొంగులో చుట్టాను. బొమ్మేనమ్మా అన్నాను. సుత్తెలు మళ్లీ మొదలయ్యాయి గానీ మాటలు మొదలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం పడమర దిక్కు నల్లబడి రాళ్లవాన కొట్టింది. పెంకులు పగిలాయి. వాన వెలిశాక చూస్తే చెట్ల కింద పిందెలు పరుచుకుని ఉన్నాయి. ఇంకా గట్టిపడని పచ్చి పిందెలు, ఏరుకుంటే ఊరగాయకు కూడా పనికిరావు. ఎవరూ వంగి ఒక్కటీ తీసుకోలేదు. వాటిని తొక్కకుండా పక్కనుంచి నడుస్తూ నా ఇంటి వైపు చూస్తున్నారు.

ఆ వారంలోనే పిల్లకు జ్వరం వచ్చింది.

పూజారి నన్ను దేవగుడి దగ్గరికి రమ్మన్నాడు. ఊరి మొగవాళ్లంతా కూర్చున్నారు, మా మరిది నేల చూస్తున్నాడు. ఫోను చూపించమన్నారు. ఆట తెరిచి పూజారి ముందు పెట్టాను. ముసలాయన, కళ్లు సరిగా ఆనవు. ముఖం దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గిదేనా కాయ?"

"అవును తాతా."

"రసం కారుతదా?"

"కారినట్టు కనబడతది."

"పుల్లగుంటదా తియ్యగుంటదా?"

"నాకు తెల్వదు తాతా, నాకి సూడలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పూజారి వేలు పెట్టి, ఇట్లనా అని గీకాడు. మామిడిపండు రెండు చెక్కలయింది. చర్రుమంది. ఆయన చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. అందరూ చూశారు. ఆయన్నెవరూ తప్పు పట్టలేదు. ఆయన చెయ్యి గుడికి పనికొచ్చే చెయ్యి, నాది మొగుడు పోయినదాని చెయ్యి.

"ఫోను బంద్ చెయ్యి. పండుగ అయ్యేదాక అమ్మ దగ్గరనే ఉండాలె" అన్నాడు.

బట్టలో చుట్టి గద్దె మీద పెట్టారు. అంతటితో సరిపోతుందనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా రెండిళ్ల మధ్య నడిచే సందులో రేగుముళ్ల కొమ్మ అడ్డంగా పడి ఉంది. నా తోడికోడలు పొద్దున లేస్తే నిప్పు కోసం నా దగ్గరికే వచ్చేది. రావడం మానేసింది. ఇప్పపూలకు పోయేటప్పుడు నన్ను పిలిచేవాళ్లు. పిలవకుండానే పోయారు. బావి దగ్గర నేను చేద వేస్తే మిగతావాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. నా ముఖం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే జవాబన్నా చెప్పేదాన్ని. టోనహీ అని బజారు హిందీలో ఒక మాట ఉంది, పిల్లల్ని తినే ఆడది అని. నా చిన్నప్పుడు మా పుట్టింటి వైపు ఒకామెను ఆ మాట అన్నారు. మొదట నిప్పు ఇవ్వడం మానేశారు. తర్వాత దారిలో ముళ్లు వేశారు. ఆ తర్వాత ఒక ఇంట్లో పిల్ల పోయింది. ఆమె వాగులో దొరికింది. ఎవరూ ఏమీ చూడలేదన్నారు.

కాబట్టి నాకు లెక్క తెలుసు. గోడ అవతల పిల్ల బతికితే నేను బతుకుతాను. లేకపోతే లేదు.

గోడ సన్నది. అన్నీ వినబడేవి. మధ్యాహ్నం కాగానే పిల్ల పళ్లు కొట్టుకునే చప్పుడు. మంచం కోళ్లు నేల మీద టకటకలాడే చప్పుడు. సాయంత్రానికి నీళ్లు నీళ్లు అని అడగడం. ఆ జ్వరం నాకు తెలుసు. నా ఇంట్లో తిని పడుకుని నా మొగుణ్ణి తీసుకుపోయిన జ్వరమే అది. పూజారి వచ్చి బియ్యం చల్లి మంత్రం వేసి పోతున్నాడు. ముళ్లకొమ్మ ఇవతల నిలబడి అరిచాను.

"మరిదీ! మితానిన్‌ను పిలువు. రక్తం సూస్తది. ఇది దేవర జరం కాదు, దోమ జరం. మీ అన్నకు గిట్లనే అయింది, యాదికి లేదా?"

లోపలినుంచి తోడికోడలి గొంతు. "మా బావను గూడ నువ్వే సూస్కున్నవ్ గద అక్కా. ఇగ మా బిడ్డను సూస్కోకు."

చీకటి పడేదాకా ముళ్లకొమ్మ ఇవతలే కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వణుకు చప్పుడు రాలేదు. తగ్గిందేమో అనుకున్నాను. అంతలో తోడికోడలు, అమ్మనే, నేను అమ్మనే, ఇటు సూడు, అంటోంది. పిల్ల ఏదో అంటోంది, అందులో ఒక్క మాటకూ అర్థం లేదు. తల్లిని గుర్తుపట్టడం లేదు.

లేచాను. ఎవరినైనా ఫోను అడుగుదామని నాలుగు గడపలు ఎక్కాను. తలుపులు తెరిచే ఉన్నాయి గానీ మనుషులు బయటికి రాలేదు. వాగు దాటి నడిచిపోతే చీకటి పడుతుంది, పిల్లకు అంత సమయం లేదు. మా ఊళ్లో సిగ్నలు దొరికేది ఒక్క చోటే, దేవగుడి ఉన్న గుట్ట మీద. నా ఫోనూ అక్కడే ఉంది.

గుట్ట ఎక్కేసరికి పూజారి చెట్టు నీడలో కూర్చుని పుల్లలు చీలుస్తున్నాడు. నేను చెప్పులు విడిచి గద్దె దగ్గరికి పోయాను.

"తీస్తున్నవా?" అన్నాడు.

"తీస్తున్న తాతా."

"పండుగ కాలే."

"పండుగ దాక పిల్ల ఉండదు."

ఇంకో పుల్ల చీల్చాడు. "తీసినంక పిల్ల పోతే?"

"తియ్యకున్న పోతది. ఎట్లయిన నా మీదనే పెడతరు గద."

ఆయన పుల్లల కట్ట ఎత్తుకుని, నాకు వీపు పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. "నేను సూడలే బిడ్డా" అన్నాడు.

అమ్మకు మొక్కి బట్ట విప్పాను. ఫోను వెలిగేదాకా గద్దె ముందే నిలబడ్డాను. మితానిన్ ఫోటో మీద ఒత్తాను. వేలు పట్టలేదు. తడి చేసుకుని ఒత్తాను. మోగింది. ఎత్తింది.

"అమ్మా, పిల్లకు తలకెక్కింది. తల్లిని గుర్తుపడతలేదు. ఉరికిరా" అన్నాను.

ఆమె తన భర్త బండి మీద వచ్చింది. ముళ్లకొమ్మను కాలితో తన్ని లోపలికి పోయింది. మా మరిది గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"పూజారి సూస్తున్నడు."

"సూడనియ్ భయ్యా, నేను గూడ సూస్త. ఏలు మీద ఒక్క సూది, అంతే. నువ్వు మొగోడివి, సూదికి భయపడితే ఎట్ల?"

అతను జరిగాడు. పిల్ల వేలి నుంచి ఒక బొట్టు తీసి పట్టీ మీద వేసింది. కాసేపటికి గీతలు వచ్చాయి. అవి చూసి ఆమె ముఖం మారింది. "మలేరియా బుఖార్. దిమాగ్‌కు ఎక్కుతంది. ఇప్పుడే అస్పతాల్ పోవాలె, ఇప్పుడంటే ఇప్పుడే" అంది. పిల్లను తువ్వాలుతో మరిది రొమ్ముకు కట్టి బండి మీద కూర్చోబెట్టారు. తోడికోడలు వెనక పరుగెత్తి ఇంకెవరి బండో ఎక్కింది. దుమ్ము అణిగాక చూస్తే వాకిట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆ తర్వాత కబురు లేదు. ఫోను మళ్లీ గద్దె మీద పెట్టి వచ్చాను, ఉంచుకుంటే ఇంకో తప్పు అవుతుందని. నా తోడికోడలి అన్నదమ్ములు గొల్లపల్లి నుంచి వచ్చి వాకిట్లో కూర్చున్నారు. నాతో మాట్లాడలేదు. వాళ్లలో పెద్దవాడు తెచ్చుకున్న గొడ్డలి నా గోడకే ఆనించాడు, వాళ్ల గోడ ఖాళీగా ఉండగా. ఎండన పడి వచ్చారు కదా అని చెంబుతో నీళ్లిచ్చాను. తీసుకున్నాడు. పక్కన పెట్టాడు. తాగలేదు. నేను తిరిగి వస్తుంటే ఆ నీళ్లు నేల మీద ఒలకబోసిన చప్పుడు వినబడింది.

బండి చప్పుడు ఎక్కడ వినబడినా వాళ్లు లేచి నిలబడేవాళ్లు. నేను లోపల గోడకు వీపు ఆనించి నిలబడేదాన్ని. వెనక తడిక విప్పి అడవిలోకి పోదామా అని ఆలోచించాను. పోతే, చేసింది గనకే పారిపోయింది అంటారు. ఉంటే కళ్లెదుటే ఉన్నారు. ఉన్నాను. అన్నం వండుకున్నాను, తినలేదు.

చివరికి బండి వచ్చింది. మరిది దిగాడు. పిల్ల అతని భుజం మీద తల పెట్టుకుని ఉంది, కళ్లు తెరిచే ఉంది. చెంపలు పీక్కుపోయి కళ్లే మిగిలాయి. నన్ను చూసి చెయ్యి చాచింది.

"పెద్దమ్మా, ఫోనేది?"

నాకు ఏడుపు వచ్చింది. ముందుకు పోయాను. అంతలో నా తోడికోడలు దబ్బున నా కాళ్ల మీద పడింది. నేను సంతోషపడ్డాను, నిజంగానే. లే చెల్లె, లే, బిడ్డ బతికింది కదా, అని భుజాలు పట్టుకుని లేపబోయాను. పాదాలు ఇంకా గట్టిగా పట్టుకుంది. తల ఎత్తకుండానే అంది.

"తీసేసినవ్ గద అక్కా. నీ కాళ్లు మొక్కుత. మళ్ల పెట్టకు."

గొల్లపల్లి నుంచి వచ్చినవాళ్లలో పెద్దవాడు గోడకున్న గొడ్డలి తీసుకుని, నాకు చేతులెత్తి దండం పెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. వీపు చూపించలేదు.

నేను చెప్పాను. గోళీలు, సూది, దోమ, అన్నీ చెప్పాను. మితానిన్ చెప్పింది. వింటారు, తల ఊపుతారు. జ్వరం దించాలంటే ఎక్కించడం కూడా తెలిసి ఉండాలని వాళ్ల లెక్క. పిల్ల పోయి ఉంటే నేను పెట్టానని అనేవాళ్లు. పిల్ల బతికింది కాబట్టి నేను తీశానంటున్నారు. రెండూ నా మీదే.

మామిడి పండుగ అయింది, ఫోను నాకు తిరిగి ఇచ్చారు. అమ్మకు పెట్టాక మొదటి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు, పెద్దమనుషులకంటే ముందు. నేను తినేదాకా ఎవరూ తినలేదు. బావి దగ్గర ఇప్పుడు నాకు దారి ఇస్తారు. నేను పోతుంటే తల్లులు పిల్లల ముఖాలు కొంగుతో కప్పుతారు. మరిది ఇంటి పిల్లను నా దగ్గరికి రానివ్వరు. అది గోడ అవతలినుంచి పిలుస్తుంది, ఎవరో దాని నోరు మూస్తారు. గుట్ట ఎక్కి నా కూతురికి ఫోన్ చేస్తే, అమ్మా వచ్చెయ్ అంటుంది. వస్తే, ఊళ్లో ఆ తర్వాత వచ్చే జ్వరాన్ని నేనే వదిలి వచ్చానంటారే, నీ ఇంటి దాకా వస్తారే అని దానికి చెప్పలేదు. తునికాకు కోత అయ్యాక చూద్దాం అన్నాను.

ఆట ఫోనులోనే ఉంది. తీసెయ్యడం నాకు రాదు. తెరవలేదు. చేతులు మళ్లీ వణుకుతున్నాయి.

నిన్న సాయంత్రం వాగు అవతలినుంచి ఒకామె వచ్చింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. చంకలో పసిబిడ్డ, చేతిలో కాళ్లు కట్టిన నల్లకోడి. దడి బయటే నిలబడి కోడిని నా వైపు నేల మీద పెట్టింది.

"అమ్మా, బిడ్డకు జరం. నీ దగ్గరకు పొమ్మన్నరు. తీసెయ్యి తల్లీ."

"నేను తీసేదాన్ని కాదమ్మా. మితానిన్ దగ్గరకు పో. మీ పక్క పల్లెనే గద."

"కోడి చాలదా? ఇంకోటి తెస్త."

"కోడి కాదే. రక్తం సూపించాలె."

రక్తం అన్న మాటకు ఆమె ముఖం తెల్లబోయింది. బిడ్డను గట్టిగా అదుముకుంది. "అట్లనవాకు తల్లీ. నీకు కోపం ఎందుకొచ్చిందో చెప్పు. ఏం తప్పు చేసినమో చెప్పు" అని ఏడవడం మొదలుపెట్టింది. కాదంటే కోపమనుకుంటుంది. అవునంటే ఆ బిడ్డ నా లెక్కలో పడుతుంది. అనకముందే పడిపోయింది, ఆమె నా దడి దాకా వచ్చినప్పుడే.

బిడ్డ నుదురు మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. ఆమెను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాను. వేలు తడి చేసుకుని మితానిన్ ఫోటో మీద ఒత్తాను. మోగుతోంది. గుట్ట కింద మా ఊరివాళ్లు ఒకరొకరే వచ్చి నిలబడి పైకి చూస్తున్నారు. మితానిన్ ఎత్తలేదు. మళ్లీ ఒత్తాను.